మొర్వాన్ గారి సాక్ష్యం

పంతొమ్మిది వందల ఎనభై వేసవి మొదట్లో నేను కారుతో మొర్వాన్ గారి మెయిల్‌బాక్స్‌ని గుద్దాను. అదే వచ్చి తగిలిందని ఇప్పటికీ నా వాదన. పక్క సీట్లో కూర్చుని మా ఆయన ప్రేమానందం "బ్రేకు! బ్రేకు! బ్రేకంటే అది కాదే!" అని అరుస్తుంటే ఏ కాలు ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు. మెయిల్‌బాక్స్ కర్రతో సహా పచ్చికలో పడింది. మా ఆయన కిందికి దిగి, ముందు వీధిలో ఎవరైనా చూశారేమోనని చూసి, ఆ తర్వాత నన్ను పక్క సీట్లోకి జరగమన్నారు. నా డ్రైవింగ్‌కి అక్కడితో మంగళం పాడేశారు.

పోనీ అంతటితో ఊరుకున్నారా? డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్ళలో విడివిడిగా ఉండే మా తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ నెలకోసారి ఒక లూథరన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆరాధనకి కలిసేవాళ్ళం. ఆరాధన అయ్యాక భోజనాలు. ఆ భోజనాల దగ్గర మెయిల్‌బాక్స్ కథ మొదలుపెట్టేవారు.

"మా దేవకుమారి చేతికి కారిచ్చామంటే మా నోవై ఊళ్ళో ఒక్కడికీ ఉత్తరాలు రావండీ!"

అందరూ పగలబడి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, సాంబారు వడ్డిస్తూ. చెవులు మాత్రం కాలిపోయేవి. అమెరికా వచ్చి అన్నేళ్ళయినా పాల డబ్బాకి కూడా శనివారం దాకా మొగుడి కోసం చూసే ఆడదాన్ని నేను, నన్ను చూసి నవ్వకేం చేస్తారు!

క్షమాపణ చెప్పడానికి గారెలు వండి పట్టుకెళ్ళాను. మొర్వాన్ గారు మా వీధి చివరింట్లో ఒంటరిగా ఉండే ఫ్రెంచాయన. అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటారు. తలుపు తీసి, నా మాటలన్నీ విని, గారె తుంచి నోట్లో వేసుకున్నారు.

"మదామ్, నేను మీకంటే పెద్ద పెద్దవి గుద్దాను. ఎవరికీ వంట చేసి తీసుకెళ్ళలేదు."

హాల్లో గోడమీద ఫోటోలున్నాయి. నీలంరంగు రేసు కారు, అందులో నెత్తిమీదికి కళ్ళద్దాలు తోసుకుని నవ్వుతున్న కుర్రాడు. "నేనే, జుట్టున్న రోజుల్లో" అన్నారు. యుద్ధం అయిపోయాక ఫ్రాన్సులో కొన్నేళ్ళు పందేలు నడిపారట. అవి మానేసి మిషిగన్ వచ్చి, ఒక టైర్ల కంపెనీకి ట్రాక్ మీద కార్లు నడిపిపెట్టే పనిచేసి రిటైరయ్యారట. భార్య పోయింది. అంతటి రేసు డ్రైవరూ వీధిలో కారు నడిపితే వెనకవాళ్ళు హారన్ కొట్టేవారు, అంత నెమ్మది.

"పొద్దున పూట నాకు పనేం లేదు. నేను నేర్పుతాను" అన్నారు.

"మా ఆయనకి తెలిస్తే..."

"లైసెన్సు వచ్చాక చూపించండి."

ఆ మాట నాకు తేనెలా తగిలింది. చర్చి భోజనాల దగ్గర, మా ఆయన మెయిల్‌బాక్స్ కథ ఎత్తుకోగానే, పర్సులోంచి లైసెన్సు తీసి బల్లమీద పెట్టినట్టు అక్కడికక్కడే ఊహించేసుకున్నాను. రాతపరీక్ష రాసి పర్మిట్ తెచ్చుకున్నాను. మా ఆయన ఆఫీసుకి వెళ్ళగానే, మా అమ్మాయి రేణు స్కూలు సమ్మర్ క్యాంపుకి వెళ్ళగానే, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని పరాయి మగవాడి పాత ఫ్రెంచి కారెక్కేదాన్ని. బాపట్లలో మా అమ్మ చూస్తే ఏమనేదో!

కొత్తగా కట్టిన పెద్ద మాల్ వెనక, షాపులు తెరవకముందు, పార్కింగ్ ఖాళీగా ఉండేది. అక్కడే నా బడి. ఆయన ఒక్కసారి కూడా అరవలేదు. తప్పు చేస్తే "బోన్" అనేవారు, బాగా చేసినా "బోన్" అనేవారు, అంటే ఫ్రెంచిలో 'సరే' అని. ఒక్క విషయంలో మాత్రం పట్టువదిలేవారు కాదు. కుడివైపు తిరగాల్సివస్తే అద్దంలో చూస్తే చాలదు, తల మొత్తం కుడివైపు తిప్పి చూడాలి.

"అద్దం అబద్ధం చెప్తుంది మదామ్. తల తిప్పండి. మొత్తం."

ఈయనకి కుడి పక్కంటే ఈ చాదస్తమేమిటా అనుకునేదాన్ని.

ఆగస్టులో ఒక పొద్దున అలాగే తల తిప్పాను. సరుకులు దించే గోడ పక్కన, నీడలో, మా గోధుమరంగు కారుంది. వెనక అద్దం దగ్గర రేణు పారేసిన గులాబీరంగు టోపీ కూడా ఉంది. ముందు సీట్లో, టై కట్టుకుని, సీటు వెనక్కి వాల్చుకుని మా ఆయన. పది కూడా కాలేదు. నేను పొద్దున్నే కట్టిచ్చిన క్యారేజీ విప్పి, దొండకాయ వేపుడు కలుపుకుని తింటున్నారు. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడని చూస్తూ తింటున్నారు.

నా జన్మలో మొదటిసారి బ్రేకు సరిగ్గా తొక్కాను. మొర్వాన్ గారు నావైపు చూసి, నేను చూస్తున్న వైపు తల తిప్పారు.

"మీ కారేనా?"

"కాదు" అన్నాను.

రోజూ మా ఇంటి ముందు నుంచి వాకింగ్‌కి వెళ్ళే మనిషి ఆయన. మా కారు ఆయనకి తెలియకపోవడమేమిటి? అయినా "బోన్. ఎడమకి తిప్పండి మదామ్" అన్నారు. తిప్పాను.

ఆ సాయంత్రం మా ఆయన రోజూ వచ్చే వేళకే వచ్చారు. టై వదులు చేసుకుంటూ "అబ్బ, ఇవాళంతా ఒకటే మీటింగులు" అన్నారు.

"కాఫీ ఇమ్మంటారా?" అన్నాను.

అంతే అన్నాను. సింకు దగ్గర నిలబడి ఆ క్యారేజీ గిన్నెలు తోముతుంటే సిగ్గుతో నా ఒళ్ళు చచ్చిపోయింది. ఎవరి తరఫున సిగ్గుపడుతున్నానో నాకే తెలియలేదు. అబద్ధమాడిన ఆయన కోసమా, పరాయివాడి ముందు కట్టుకున్న మొగుణ్ణి "కాదు" అన్నందుకా? ఆ ఏడాది కార్ల కంపెనీలన్నీ జనాన్ని ఇళ్ళకి పంపించేస్తున్నాయని పేపర్ నిండా అదే వార్త. మా ఆయన ఇంజనీరు, తనకేం భయంలేదని అందరికీ చెప్పేవారు. అడిగేద్దామా అని రోజూ అనుకునేదాన్ని. అడిగితే ఆయన మొహం చూడాలి కదా! అది నావల్ల కాలేదు. మర్నాడు పొద్దున్నే లేచి, మామూలుకంటే శ్రద్ధగా గుత్తొంకాయ కూర చేసి క్యారేజీ కట్టాను. ఆ తర్వాత కూడా రోజూ కట్టాను.

మొర్వాన్ గారు ఆ పార్కింగ్‌కి మళ్ళీ తీసుకెళ్ళలేదు. "ఇంక మీరు రోడ్డు ఎక్కొచ్చు" అన్నారు, అదేదో నా ప్రతిభకి మెచ్చినట్టు.

ఆ నెల చర్చిలో, ఉద్యోగాలు పోయినవాళ్ళ కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారు. మా సంఘపెద్ద జోసఫ్ గారు "బ్రదర్ ప్రేమానందం, మీరు నడిపించండి" అన్నారు. మా ఆయన లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, చక్కటి గొంతుతో "తండ్రీ, పని కోల్పోయిన మా సహోదరులను జ్ఞాపకం చేసుకోండి, వారి గృహాలను పోషించండి" అని ప్రార్థించారు. పేర్లు కూడా చెప్పారు, ఫలానావారు, ఫలానావారు అని. నేను తలమీద కొంగు కప్పుకుని ఆయన పక్కనే నిలబడ్డాను. ఆయన "ఆమెన్" అన్నారు, నేనూ అన్నాను. దేవుడి ముందు ఇద్దరం కలిసి నాటకమాడుతున్నామని, అందులో ఒకరికి రెండోవారు ఆడుతున్నట్టు కూడా తెలియదని అనుకుంటూ కొంగు మొహంమీదికి ఇంకాస్త లాక్కున్నాను.

సెప్టెంబరు ఆఖర్లో లైసెన్సు వచ్చింది. పర్సులో అడుగున పెట్టేశాను. బల్లమీద పెట్టి చూపించాలన్న సరదా ఎప్పుడో పోయింది.

అక్టోబరులో మాకు కోత పండుగ. పొలాల్లేకపోయినా పండుగ మానేవాళ్ళం కాదు. పెరట్లో కాసిన సొరకాయలు, మొక్కజొన్న కంకులు, ఎవరో కుండీలో పిల్లాడిలా పెంచుకున్న కరివేపాకు మొక్క, అన్నీ తెచ్చి ముందు బల్లమీద పెట్టేవాళ్ళం. ఆ రోజు అతిథి ఎవరైనా సాక్ష్యం చెప్పాలి. మా వీధిలో రేసు కారు అంకుల్ ఉన్నాడని రేణు సండే స్కూల్లో చెప్పిందట. జోసఫ్ గారు ఫోన్ చేశారు.

"ఏంటమ్మా, రేస్ డ్రైవరంట! మనోళ్ళందరూ కార్ల కంపెనీల్లోనే గదా, పండగే పండగ. ఇన్వైట్ చెయ్యండమ్మా."

మొర్వాన్ గారు రారులే అనుకుంటూనే వెళ్ళి అడిగాను. సాక్ష్యమంటే ఏమిటన్నారు. "జీవితంలో జరిగింది నిలబడి నిజంగా చెప్పడం" అన్నాను.

"మీవాళ్ళకి ఇంగ్లీషు వచ్చు కదా?"

"వచ్చు. అయినా తెలుగులో తర్జుమా ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఒకరిద్దరుంటారు. అదీకాక..." అని ఆగాను. తెల్లవాడు ఒక వాక్యం ఇంగ్లీషులో చెప్పడం, పక్కన మనవాడు దాన్నే తెలుగులో చెప్పడం, అలా వింటేనే మాకు చర్చిలో ఉన్నట్టుంటుందని ఆయనకెలా చెప్పను? "మా ఆయనే చేస్తారు. మా మామగారు గుంటూరులో మిషన్ దొరలకి తర్జుమా చేసేవారు. మా ఆయనకి ఆయన దగ్గరే అబ్బింది."

"మీ ఆయన నేనన్నదే అంటారా? మార్చకుండా?"

"ఒక్క మాట మార్చరు. వాళ్ళ నాన్నగారు అలా నేర్పారు."

"బోన్" అన్నారు. "వస్తాను."

పండుగనాడు మా కార్లోనే తీసుకెళ్ళాం. మా ఆయన మంచి హుషారుగా ఉన్నారు. తర్జుమా చేసే రోజున ఆయనకి సూటు మీద సూటు తొడిగినట్టుండేది. పాటలయ్యాక ఇద్దరూ ముందుకి వెళ్ళి, సొరకాయల బల్ల పక్కన నిలబడ్డారు.

"నేను గొప్ప డ్రైవర్ని కాదు" అన్నారు మొర్వాన్ గారు ఇంగ్లీషులో.

"నేను గొప్ప డ్రైవర్ని కాదు" అన్నారు మా ఆయన తెలుగులో, ఇంకొంచెం గట్టిగా.

పెద్ద పందెం ఒక్కటీ గెలవలేదన్నారు. ఒకసారి రెండో స్థానం, ఒకసారి ఐదో స్థానం, ఎక్కువసార్లు మాత్రం పొగలు కక్కే కారు పక్కన నిలబడి మిగతావాళ్ళు వెళ్ళడం చూశానన్నారు. జనం నవ్వారు. మాకు నవ్వు ఎప్పుడూ రెండుసార్లొచ్చేది, ఇంగ్లీషుకి కొంత, తెలుగుకి మిగతాది.

"ఒక పందెంలో రాయి ఎగిరొచ్చి నా కుడి కంట్లో తగిలింది. ఆ కన్ను పోయింది. చెప్తే నా కారు ఇంకొకడికి ఇచ్చేస్తారు. డాక్టరు దగ్గర గోడకుండే అక్షరాలు బట్టీపట్టి ఒప్పజెప్పాను."

మా ఆయన ఇదంతా చక్కగా చెప్పారు. "ఒప్పజెప్పాను" దగ్గర గొంతు కాస్త తగ్గింది. నాకు అప్పుడు అర్థమైంది, తల మొత్తం తిప్పమని ఎందుకనేవారో.

"ఆ సీజనంతా ఒంటి కంటితో నడిపాను. నా భార్యకి తెలుసు. నేను గ్లాసులో నీళ్ళు పోస్తే పక్కన పోయేవి. ఆమె తుడిచేది, ఏమీ అడిగేది కాదు. పందెం రోజున నా బట్టలు ఇస్త్రీ చేసి ఇచ్చేది. నేనే చెప్తానని ఎదురుచూసింది."

మా ఆయన ఒక్కొక్క మాటా చెప్పారు. నేను తల వంచుకుని నా చేతుల్నే చూసుకుంటున్నాను. ఆ చేతులతోనే కదా పొద్దున్నే లేచి క్యారేజీలు కట్టింది! మొర్వాన్ గారు నావైపు చూడలేదు, అంత మర్యాదస్తుడు. అయినా నేను నేలలోకి కుంగిపోతున్నట్టే ఉంది.

"ఆఖరి పందెంలో నా స్నేహితుడు లూసియన్ కుడిపక్క నుంచి ముందుకొచ్చాడు. నేను చూడలేదు. అతను బతికాడు. మళ్ళీ నడవలేదు. స్నేహితుడి మీద ప్రేమతో పందేలు మానేసిన పెద్దమనిషినని పేపర్లు నా గురించి రాశాయి. నేను దాన్ని కూడా దిద్దలేదు."

మా ఆయన అదీ తెలుగులో చెప్పారు.

"మొదటి వారంలోనే మా ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర చెప్పేసి ఉంటే సరిపోయేది" అన్నారు మొర్వాన్ గారు, ఇంగ్లీషులో.

మా ఆయన బల్లమీది కరివేపాకు మొక్కని కొంచెం పక్కకి జరిపారు. తర్వాత, అదే తర్జుమా గొంతుతో, సాఫీగా చెప్పారు.

"మే నెలలో నా ఉద్యోగం పోయింది. రోజూ టై కట్టుకుని బయల్దేరి, మాల్ వెనక కార్లో కూర్చుంటున్నాను. నా భార్యకి తెలియదు."

నా పక్కన రేణు నా చెయ్యి లాగి, చెవిలో "అమ్మా, డాడీ రాంగ్ చెప్తున్నాడు. అంకుల్ అది చెప్పలే" అంది. "ష్" అన్నాను.

ఇంగ్లీషొచ్చినవాళ్ళందరికీ, అంటే దాదాపు అందరికీ, అర్థమైంది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. మొర్వాన్ గారికి తెలుగు రాకపోయినా మా ఆయన మొహం చూసి ఇంక మాట్లాడలేదు. జోసఫ్ గారు గబగబా లేచి పాట ఎత్తుకున్నారు, అదీ తప్పు శ్రుతిలో. అందరం గొంతులు చించుకుని పాడాం.

భోజనాల దగ్గర అసలు తిప్పలొచ్చింది. జోసఫ్ గారి తల్లి సుగుణమ్మ గారు తెనాలి నుంచి వచ్చి మూణ్ణెల్లయింది, ఇంగ్లీషు ముక్క రాదు. ఆవిడ విన్నది తెలుగొక్కటే. తిన్నగా మొర్వాన్ గారి దగ్గరికెళ్ళి, ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"ఉద్యోగం పోతే ఏవైంది నాయనా? ఇంత పెద్దోడివి, ఇంట్లో చెప్పుకోకుండా కార్లో కూర్చుంటావా? మీ ఆవిడేవన్నా నిన్ను కొరుక్కుతింటదా? వెళ్ళి చెప్పు. అదీ ఏడుస్తది, నువ్వూ ఏడువు, అయిపోద్ది. ముందు తిను."

అంటూ ఆయన కంచంలో కోడికూర మీద కోడికూర వేశారు. ఆయన ఆవిడ మాట ఒక్కటీ తెలియక, చేతులు విడిపించుకోకుండా నావైపు చూశారు.

"ఏమంటున్నారు?"

ఆ పక్కనే కాగితం కంచం పట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నారు. ఎవరో అందులో అన్నం పెట్టారు గానీ కూర వేయడం మర్చిపోయారు. ఆ మనిషి అలా నిలబడి, తనకి రావాల్సిన ఓదార్పు ఇంకొకరికి అందుతుంటే చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది.

"ఇంటికెళ్ళి భార్యకి చెప్పమంటున్నారు" అన్నాను.

"థాంక్స్ చెప్పండి" అన్నారు మొర్వాన్ గారు. సుగుణమ్మ గారు వేసిందంతా తిన్నారు, కారానికి కళ్ళు ఎర్రబడినా.

ఆ రోజు మెయిల్‌బాక్స్ కథ ఎవరూ ఎత్తలేదు. ఒక్కొక్కరూ వచ్చి మా ఆయన భుజం తట్టి, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళారు. నాతో అదీ లేదు. నాకేమీ తెలియదన్న జాలితో ఆడవాళ్ళు నాకు మిగిలిన స్వీట్లన్నీ పొట్లాలు కట్టి ఇచ్చారు. వాటిని కాదనకుండా పుచ్చుకుంటుంటే నామీద నాకే రోత పుట్టింది.

బయట కారు దగ్గర "తాళాలివ్వండి" అన్నాను. డిక్కీలో పొట్లాలు పెట్టడానికనుకుని ఇచ్చేశారు. పొట్లాలు రేణు ఒళ్ళో పెట్టి, వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. మొర్వాన్ గారు రేణుతోపాటు వెనక ఎక్కారు. మా ఆయన కాసేపు బయటే నిలబడి, చివరికి నా పక్క సీట్లో కూర్చున్నారు. పర్సులోంచి లైసెన్సు తీసి ఆయన మోకాలి మీద పెట్టాను. నేను ఊహించుకున్నట్టు ఎవరూ నోరెళ్ళబెట్టలేదు.

పార్కింగ్ దాటి రోడ్డు మొదట్లో ఆగాను. కుడికి తిరగాలి. మొర్వాన్ గారు నేర్పినట్టు తల మొత్తం తిప్పాను. అక్కడ మా ఆయన మొహముంది. వేసవంతా నేను చూడకుండా తప్పించుకున్న మొహం.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు.

"మాల్ వెనక, పొద్దున పూట."

లైసెన్సు మీద ఆయన బొటనవేలు ఆగిపోయింది. కిటికీలోంచి చూశారు, చేతుల్లోకి చూసుకున్నారు, మళ్ళీ నావైపు చూశారు.

"ఎప్పట్నించి తెలుసు?"

"ఆగస్టు నుంచి."

"మరి రోజూ క్యారేజీ కట్టావే" అన్నారు. కోపంగా అనలేదు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు.

వెనక హారన్ మోగింది. రోడ్డు రెండువైపులా ఖాళీగానే ఉంది, అయినా నా కాలు బ్రేకు మీంచి లేవలేదు.